రీకాల్ ఉత్తరం ఎవరింటికి వెళ్లింది?

మొన్న మిర్చి సీజనులో మన సభ్యుడొకరి గూడ్సు బండి నడిరోడ్డు మీద తగలబడింది. ముప్పై టిక్కీల మిర్చి వేసుకుని తెల్లవారుజామున గుంటూరు యార్డుకు బయలుదేరారు. సగం దారి కూడా పోకముందే సీటు కింద నుంచి డీజిల్ వాసన, ఆ వెంటనే పొగ. పక్కకు తీసి ఆపేలోపు మంట లేచింది. రైతూ డ్రైవరూ దూకేశారు కాబట్టి బతికారు. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి వచ్చి సగం టిక్కీలు కిందికి లాగారు. ఫైరింజన్ వచ్చేసరికి బండిలో మిగిలింది ఇనుప చట్రమే.

ఇంతవరకు విని ప్రమాదం అనుకుంటాం, అయ్యో అంటాం, వదిలేస్తాం. సంఘం తరఫున ఇద్దరం ఆయనతో షోరూముకు వెళ్లాక తెలిసిన సంగతి వేరు. అక్కడి కుర్రాడు చాసిస్ నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, మామూలుగా చెప్పాడు: "ఈ బండికి రీకాల్ ఉందండీ. డీజిల్ పైపు మార్చాలి. ఏడాది కిందటే ఓనరుకు ఉత్తరం వేశాం." ఏ ఓనరుకు? నాలుగేళ్ల కిందట బండిని అమ్మేసిన మొదటాయనకు. ఆయన దగ్గర బ్రోకరు కొన్నాడు, బ్రోకరు దగ్గర పక్క ఊరాయన, ఆయన దగ్గర మనవాడు. ఆర్సీ మీద పేరు మాత్రం ఇప్పటికీ ఆ మొదటాయనదే. ఆయనకు ఉత్తరం అందింది. బండి తనది కాదు గదా అని పక్కన పడేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఖర్చు లేకుండా గంటలో అయిపోయే పని, ఎనిమిది నెలలు ఈఎంఐ మిగిలిన బండి, ఒక కుటుంబం జీవనాధారం, అన్నీ ఆ ఒక్క కవరు దగ్గర ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి మాకు ఒకటే ఆలోచన. మన ఊళ్లలో తిరిగే బండ్లలో ఇలాంటి ఉత్తరం రావలసి ఉండి రానివి ఎన్ని?

రీకాల్ అంటే కొందరు సభ్యులు బండి వెనక్కి తీసుకుపోతారేమో అని భయపడుతున్నారు. అది కాదు. తయారీలోనే లోపం ఉందని తేలినప్పుడు, ఆ వరసలో తయారైన బండ్లన్నిటినీ పిలిచి, ఆ లోపాన్ని కంపెనీ తన ఖర్చుతో సరిచేయడం. వారంటీ అయిపోయినా సరే. మనం అడుక్కునేది కాదు, వాళ్లు మెహర్బానీగా చేసేదీ కాదు. సర్వీసు సెంటర్లో "అప్‌డేట్ ఉంది, క్యాంపెయిన్ ఉంది" అని మెత్తగా అంటారు. రీకాల్ అనే మాట నోట రానివ్వరు. 2010లో టాటా నానో కార్లు కొన్ని రోడ్ల మీద కాలినప్పుడు కంపెనీ అమ్మిన కార్లకు సైలెన్సర్ దగ్గరా వైరింగులోనూ అదనపు రక్షణ పరికరాలు ఉచితంగా బిగిస్తామంది. కానీ ఇది రీకాల్ కాదు అని పట్టుబట్టింది. పేరు ఏదైనా పని జరిగితే చాలు అనుకోవచ్చు. అయితే పేరు పెట్టకపోతే లెక్క ఉండదు, లెక్క లేకపోతే ఎన్ని బండ్లు బాగయ్యాయో, ఎన్ని మిగిలాయో అడిగే దిక్కుండదు.

ఇంజనులో మంట ఎలా పుడుతుందో డ్రైవర్లకు తెలుసు. ఒకవైపు కాలే ఇనుము, మరోవైపు మండే ద్రవం. ఆ రెండింటికీ మధ్య ఒక రబ్బరు పైపో, గాస్కెట్టో, క్లిప్పో. అది జారితే అంతే. అమెరికాలో హ్యుందాయ్, కియా కార్ల ఇంజన్ల సంగతి చూడండి. తయారీలో ఇనుప రజను పూర్తిగా శుభ్రం చేయక క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ దారుల్లో ఉండిపోయింది. బేరింగు అరిగి, కనెక్టింగ్ రాడ్ విరిగి, ఇంజన్ బ్లాకుకు చిల్లి పడి, ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడి మంటలు. 2015లో 4 లక్షల 70 వేల కార్లతో మొదలైన రీకాల్ ఏళ్లకేళ్లు సాగింది. లోపం తెలిసీ ఆలస్యం చేశారని బయటపెట్టింది ఆ కంపెనీలో పనిచేసిన ఇంజనీరే. 2020లో ఆ రెండు కంపెనీల మీద కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2023 సెప్టెంబరులో మళ్లీ, ఈసారి బ్రేకుల మాడ్యూలు లీకై ఇంజన్ భాగంలో మంట పుట్టే ప్రమాదం ఉందని, దాదాపు 34 లక్షల బండ్ల యజమానులకు ఒక మాట చెప్పారు: బాగుచేసేదాకా ఇంటికి దూరంగా, బయట నిలపండి.

ఆ మాట విన్న యజమాని మనసు ఎలా ఉంటుంది? వాయిదాలు కడుతున్న బండిని ఇంటి పక్కన పెట్టుకోవడానికి భయం. ఎక్కి పిల్లల్ని తీసుకుపోవడానికి భయం. అమ్ముదామంటే కొనేవాడు లేడు. దక్షిణ కొరియాలో 2018 వేసవిలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా, దాదాపు 40 వరకు, కాలిపోయాయి. పొగను మళ్లీ ఇంజనులోకి తిప్పే ఈజీఆర్ అనే అమరికలో కూలర్ లీకై, మసి, కూలెంట్ కలిసి ముద్దకట్టి, వేడి పొగకు అంటుకున్నాయి. లక్షకు పైగా కార్లు రీకాల్ చేశారు. కొన్ని పార్కింగుల దగ్గర ఆ కార్లను రానివ్వం అని బోర్డులు పెట్టారు. తనిఖీ కాని కార్లు రోడ్డెక్కకూడదని ప్రభుత్వమే ఆదేశం ఇచ్చింది. కంపెనీ ముందే తెలిసీ దాచిందని విచారణలో తేలి ఏడాది చివర 1,120 కోట్ల వన్‌ల జరిమానా వేశారు. ఖరీదైన కార్ల కథ మనకెందుకు అనుకోవద్దు. ఈజీఆర్ ఇవాళ మన పికప్పుల్లోనూ ఉంది.

మన దగ్గరికి వద్దాం. 2022 ఏప్రిల్లో వారం తిరక్కుండా నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన కరెంటు స్కూటరు బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. నిజామాబాద్‌లో పోయినాయన ఎనభై ఏళ్ల పెద్దాయన. అదే నెలలో ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లు వెనక్కి పిలిచాయి. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కరెంటు బండ్ల షోరూములో పుట్టిన మంట పై అంతస్తుల లాడ్జికి పాకి 8 మంది ప్రాణం తీసింది. అప్పుడు కేంద్రం కదిలి బ్యాటరీ పరీక్షల ప్రమాణాలు బిగించింది. 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి రెండో విడత అమలు. మంచిదే. అయితే అంతకు ముందు అమ్ముడైన స్కూటర్లు ఎక్కడికి పోయాయి? పట్నంలో కొన్నవాళ్లు చవగ్గా అమ్మితే ఊళ్లకే వచ్చాయి. పొలం దాకా పోయి రావడానికి బాగుంటుందని మన పిల్లలే కొంటున్నారు. రాత్రి పూట నట్టింట్లో చార్జింగ్ పెడుతున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఏ అనే సెక్షను చేర్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి దాని నియమాలు అమల్లో ఉన్నాయి. అంతకు ముందు 2012 నుంచి ఉన్నది కంపెనీల సంఘం సియామ్ తనంతట తాను పెట్టుకున్న స్వచ్ఛంద పద్ధతి మాత్రమే. ఇప్పుడు లోపం వల్ల మనిషికి హాని ఉందనుకుంటే కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. కంపెనీ బండిని బాగుచేయాలి, లేదా సమానమైన మరో బండి ఇవ్వాలి, లేదా పూర్తి ధర తిరిగి ఇవ్వాలి. ఫైనాన్సు ఉంటే ఆ బాకీ లెక్క చూసుకున్నాకే మిగిలింది మన చేతికి వస్తుంది. ఒత్తిడి మీద రీకాల్ చేసిన కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా. తానే ముందుకొచ్చి చేస్తే జరిమానా లేదు. కాగితం మీద చక్కని చట్టమే.

లోపాలు లోపలికి పోతే కనిపిస్తాయి. మొదటిది ఏడేళ్ల పరిమితి. తయారై ఏడేళ్లు నిండిన బండికి ఈ నియమాలు వర్తించవు. రైతు దగ్గర ఏడేళ్ల లోపు బండి ఎందరికి ఉంటుంది? పట్నంలో ఐదేళ్లు తిరిగాకే మన దగ్గరికి వస్తుంది. మన చేతుల్లో ఇంకో పదేళ్లు నడుస్తుంది. అమెరికాలో పదిహేనేళ్ల దాకా రీకాల్ మరమ్మతు ఉచితంగా చేయాలి. లోపం పుట్టింది ఫ్యాక్టరీలో అయితే, బండికి ఎనిమిదో ఏడు వచ్చిందని ఆ లోపం మాయమవుతుందా? పాత రబ్బరు ఇంకా ముందే పగులుతుంది.

రెండోది ఫిర్యాదుల లెక్క. బండి రకాన్ని బట్టి, ఏడాదికి ఎన్ని అమ్ముడయ్యాయన్నదాన్ని బట్టి ఇన్ని ఫిర్యాదులు వస్తేనే యజమానుల మాట మీద విచారణ మొదలవుతుంది. ఆ ఫిర్యాదు రవాణా శాఖ వాహన్ పోర్టల్లో నమోదు కావాలి. మెకానిక్ షెడ్డులో కూర్చుని తిట్టుకున్నది లెక్కలోకి రాదు. షోరూములో మేనేజరుతో పెట్టుకున్న గొడవా రాదు. మనవాళ్లలో ఒక్కరు కూడా ఆ పోర్టల్లో ఇంతవరకు ఫిర్యాదు పెట్టలేదు. మేమూ పెట్టలేదు. గులాబీ పురుగుకు, కల్తీ విత్తనానికి వందల మందిమి కలిసి అర్జీలు పెట్టిన సంఘం ఇది. బండి దగ్గరికి వచ్చేసరికి ఎవరి ఖర్మ వాళ్లదే అన్నట్టు ఊరుకున్నాం.

ట్రాక్టరు, కోత మిషను మాటేమిటని సభ్యులు అడుగుతున్నారు. చట్టం ప్రకారం ట్రాక్టరూ మోటారు వాహనమే. కానీ రీకాల్ అనగానే అధికారులకూ కంపెనీలకూ కారు, మోటారు సైకిలు తప్ప గుర్తుకు రావు. యాసంగి కోతల్లో ఎండు గడ్డి మధ్య రోజుకు పద్దెనిమిది గంటలు నడిచే యంత్రానికి మంట ప్రమాదం కారు కంటే ఎక్కువా తక్కువా? ట్రాక్టర్లు, హార్వెస్టర్లు రీకాల్ నియమాల కిందికి వస్తాయని విడిగా, అందరికీ అర్థమయ్యేలా ప్రకటించాలని, వాటికి పని గంటల లెక్కన పరిమితి పెట్టాలని మేం డిమాండ్ చేస్తున్నాం.

ఇక మన తప్పు మనం ఒప్పుకోవాలి. ఆర్సీ పేరు మార్చకపోవడం మన ఊళ్లలో తప్పుగానే చూడరు. సంతకం చేసిన ఖాళీ 29, 30 ఫారాలు బీరువాలో పెట్టుకుని, మళ్లీ అమ్మేటప్పుడు చూద్దాంలే అనుకుంటాం. ఆఫీసు చుట్టూ తిరగలేకా, బ్రోకరు అడిగిన డబ్బు ఇవ్వలేకా. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. దీనివల్ల ఇద్దరికీ నష్టమే. అమ్మినవాడికి ఎలాగంటే, 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: రికార్డులో ఎవరి పేరుంటే యజమాని వారే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదే. నాలుగు చేతులు మారినా సరే. కొన్నవాడికి ఎలాగంటే, పేరు మారకపోతే బండి కాలినందుకు ఇన్సూరెన్స్ అడిగే హక్కు నిలవదు. మన సభ్యుడి విషయంలో అదే జరిగింది. పైగా ఆ బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ. అది ఎదుటివాడికి జరిగిన నష్టానికే గానీ మన బండి కాలితే పైసా ఇవ్వదు. చలానా తప్పించుకోవడానికి కట్టే ఆ చవక పాలసీతో సరిపెట్టుకునేవాళ్లు మనలో ఎక్కువ మందే ఉన్నారు.

ఇలాగని నెపమంతా రైతు మీదికి తోయడాన్ని మేం ఒప్పుకోం. పేరు ఎవరిదైనా బండికి చాసిస్ నంబరు ఒకటే. ఏటా ఇన్సూరెన్స్ కట్టేటప్పుడు, గూడ్సు బండ్లకు ఫిట్‌నెస్ చేయించేటప్పుడు, పొగ పరీక్ష సర్టిఫికెట్ తీసేటప్పుడు బండి నంబరు కంప్యూటర్లో పడుతూనే ఉంది. ఆ క్షణాన "ఈ బండికి రీకాల్ పెండింగ్ ఉంది" అని తెర మీద పడేలా చేయడం ఎంత పని? చలానా బాకీలు పడుతున్నాయి గదా. వంద రూపాయల బాకీ కనిపించే తెర మీద ప్రాణం తీసే లోపం కనిపించకపోవడమే మా బాధ. ఉత్తరం ఒక్కటీ వేసి చేతులు దులుపుకోకుండా, పెండింగ్ బండ్ల జాబితాను మండలాల వారీగా రవాణా శాఖ ప్రకటించాలి.

న్యాయం కోసం ఒకమాట. కాలిన ప్రతి బండికీ కంపెనీయే కారణం కాదు. అదనపు లైట్లు, గట్టి హారను, పాటల పెట్టె అంటూ ఫ్యూజు లేకుండా బ్యాటరీకి నేరుగా వైరు లాగిస్తాం. కాలిన ఫ్యూజు బదులు రాగి తీగ చుడతాం. కోత మిషను సైలెన్సరు మీద పేరుకున్న పొట్టు దులపం. ఎలుకలు కొరికిన వైరుకు టేపు చుట్టి వారం గడిపేస్తాం. కంపెనీ లాయరు మొదట పట్టుకునేది ఈ టేపునే. అసలు లోపం కంపెనీదే అయినా మన అతుకు చూపించి తప్పించుకుంటాడు. కాబట్టి బండిని చూసుకోవడం ప్రాణానికే కాదు, కేసుకూ అవసరం.

బండికి మంట అంటుకుంటే ముందు మనిషి దూరం జరగాలి, 101కు ఫోన్ చేయాలి. సరుకు కోసం మళ్లీ బండి ఎక్కొద్దు. తర్వాత మాత్రం తొందరపడి కాలిన చట్రాన్ని పాత ఇనుముకు తోలొద్దు. మన సభ్యుడు నాలుగో రోజే అమ్మేశాడు. ఇల్లు గడవాలి, మేం అర్థం చేసుకోగలం. కానీ పైపు లోపం అని నిరూపించే ఆధారం ఆ ఇనుముతోనే పోయింది. ఫైర్ స్టేషన్ ఇచ్చే నివేదిక, పోలీసు స్టేషన్లో నమోదు, నాలుగు వైపుల నుంచి ఫొటోలు, పాత సర్వీసు బిల్లులు దగ్గర పెట్టుకుంటే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. 5 లక్షల వరకు విలువకు ఫీజు లేదు. వ్యాపారానికి కొన్న బండి కాబట్టి నువ్వు వినియోగదారుడివే కాదు అని అవతలివాళ్లు వాదిస్తారు. బెదరొద్దు. సొంత జీవనోపాధి కోసం కొని స్వయంగా వాడుకునేవాడు వినియోగదారుడేనని ఆ చట్టంలోనే రాసి ఉంది. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

సంఘం ఈ నెల నుంచి ఒక పని మొదలుపెడుతోంది. ప్రతి గ్రామ శాఖ తన ఊళ్లోని పికప్పులు, ఆటో ట్రాలీలు, ట్రాక్టర్లు, కోత మిషన్లు, కరెంటు స్కూటర్ల చాసిస్ నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఆ నంబర్లు కంపెనీల వెబ్‌సైట్లలో, షోరూముల్లో మన చదువుకున్న పిల్లల చేత చూపిస్తాం. రీకాల్ ఉన్నట్టు తేలితే అదే వారం బండి షోరూముకు వెళ్లాలి. పని అయ్యాక జాబ్ కార్డు తీసుకోవడం మరవొద్దు. ఒకే రకం బండికి ఒకే లోపం రెండు మూడు ఊళ్లలో కనిపిస్తే ఎవరికి వారు కాకుండా అందరి పేర్లతో పోర్టల్లో ఫిర్యాదులు పెడతాం.

వచ్చే నెల సమావేశానికి ఆర్సీ జిరాక్సు, ఇన్సూరెన్స్ కాగితం తీసుకురండి. ఆర్సీ మీద పేరు మీది కాకపోయినా సిగ్గుపడకుండా తీసుకురండి. పేరు మార్పిడి ఫారాలు నింపడానికి ఇద్దరు కార్యకర్తలను ఆ రోజు కూర్చోబెడుతున్నాం. బ్రోకరు అక్కర్లేదు.